గీతల మధ్య లోయ

కూలిపోయిన కోటగుమ్మం కింద ముళ్లపొదలు నరికేసరికి నల్లటి రాతిపలక ఒకటి బయటపడింది. పురుషోత్తం కత్తి పక్కన పారేసి మోకాళ్లమీద కూలబడ్డాడు.

"హైమా! తొందరగా రా! నీళ్లు పొయ్యి, నీళ్లు పొయ్యి దీనిమీద!"

హైమావతి పరుగున వచ్చి కుండలోని నీళ్లు పలకమీద కుమ్మరించింది. మట్టి కరిగి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. పురుషోత్తం కర్నూలు కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాడు; శాసనాలు చదవడం అతనికి తిండికన్నా ఇష్టం. వేలితో తడుముతూ పైకి చదివాడు. శత్రుసేనలు కోటను చుట్టుముట్టిన నాడు పాలెగాడు బొల్లినాయకుడు తన బొక్కసాన్ని దక్షిణపు అడవిలో, రెండు వాగులు కలిసేచోట, తూర్పుముఖంగా ఉన్న బిలంలో దాచాడు. చివరి పంక్తి దగ్గర పురుషోత్తం ఆగిపోయాడు.

"ఏముందన్నయ్యా?"

"మోసినవాళ్లు తిరిగి రాలేదు... అని ఉంది."

వాళ్ల వెనక నిలబడ్డ కోదండపాణి పగలబడి నవ్వాడు. "వాళ్లు రాకపోతేనేం? మనం వస్తాం!"

కోదండపాణి వాళ్ల పెదనాన్న కూతురు శకుంతలకు భర్త. నల్లమలలో కలప కాంట్రాక్టులు చేసి గట్టిపడ్డ మనిషి. జీపు, మోకులు, టార్చిలైట్లు, తుపాకీ అన్నీ ఆయనవే. పటమూ ఆయనదే. నల్లమల మొత్తాన్నీ ఒకే కాగితంలో చూపించే పటాన్ని జీపు ముందుభాగంమీద పరిచి, అరచేత్తో చరిచాడు.

హైమావతి గనుల సర్వేలో పటాలు గీసే ఉద్యోగం చేస్తుంది. ఒక్క చూపులోనే తల అడ్డంగా ఊపింది. "ఇది పనికిరాదు బావా."

"అడివంతా ఉంది గదమ్మా ఇందులో!"

"అంతా ఉంది కాబట్టే పనికిరాదు. బొటనవేలు పెట్టు, ఒక కొండ మాయమైపోతాది. ఈ కాంటూరు గీతలు చూడు. గీతకూ గీతకూ మధ్య వంద మీటర్ల ఎత్తు. ఆ మధ్యలో చదునుందో గోడుందో ఈ కాగితం చెప్పదు. కొద్దిచోటునే పెద్దగా చూపించే పెద్ద స్కేలు షీట్లు కావాల."

"అడివిలో పెరిగినోణ్ణి. నాకు గీతలు నేర్పిస్తావా?" అన్నాడు కోదండపాణి. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు కళ్లదాకా పోలేదు.

హైమావతి హైదరాబాదు పోయింది. ఆ ప్రాంతపు షీటు ఒకటి పటాల అమ్మకపు కౌంటరులో దొరికింది. దాని పక్క షీటు అచ్చు ప్రతులు అయిపోయాయన్నారు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికి వెతికి, చివరికి నాలుగు మడతలు పడి చెదలు కొరికిన ప్రతి ఒకటి పట్టింది. అంచున సర్వే సంవత్సరం చూసింది. చాలా పాతది. అందులోని బాటలను నమ్మరాదు. కొండలూ వాగులూ మాత్రం అక్కడే ఉంటాయి. రెండు షీట్లనూ అంచుకు అంచు సరిచూసి అతికించింది. రెండు నీలిగీతలు సరిగ్గా అతుకుమీదే కలుస్తున్నాయి. వాటి పక్కనున్న కొండ సగం ఈ షీటులో, సగం ఆ షీటులో ఉంది. కోదండపాణి పటంలో ఆ రెండు వాగుల్లో ఒకటి అసలు లేనేలేదు.

కొండ నడినెత్తిన చిన్న వలయం ఒకటి కనిపించింది. దాని లోపలివైపుకు పళ్లలాగా సన్నటి గీతలు. "అది శిఖరం కాదన్నయ్యా, గుంట. ఆ కొండ నెత్తిన లోతుగా కుంగిపోయి ఉంది" అని చూపించింది. కోదండపాణి ఆ వైపు చూడనైనా లేదు.

పెంట అని పిలిచే చెంచుల గూడెం దాటి, వాగు వెంబడి నడిచి, మరునాటి పొద్దున వాళ్లు ఆ కొండ అడుగుకు చేరారు. ఎద్దుమూతిలాంటి బండకింద బిలం నోరు తెరుచుకొని ఉంది. లోపలినుంచి గబ్బిలాల కంపు గుప్పున కొట్టింది.

"టార్చి ముందుకు పట్టు! తలలు వంచండి!" కోదండపాణి ఆజ్ఞలు రాతిగోడలకు కొట్టుకొని మోగాయి. పాకారు, జారారు, నడుంలోతు బురదనీళ్లలో కాళ్లీడ్చారు. ఒకచోట నేల హఠాత్తుగా తెగిపోయింది. కింద నిట్టనిలువు గొయ్యి. మోకును రాతికొమ్ముకు బిగించి ముగ్గురూ దిగారు.

దీపపు వెలుగు మొదట ఎముకలమీద పడింది.

గోడవారగా వరసగా కూర్చున్న మనుషుల ఎముకలు. కాళ్లకు తుప్పుపట్టిన గొలుసులు. ఒకడి వేళ్ల ఎముకలు ఇంకా రాతిపగులులో గుచ్చుకొని ఉన్నాయి, గోడెక్కబోయి చచ్చినట్టున్నాడు. వాళ్లు మోసుకొచ్చిన బొక్కసం వాళ్ల ఎదుటే ఉంది. రాగి గంగాళాలు పిగిలిపోయి, బంగారు కడియాలు, మొలతాళ్లు, పిడికెడేసి నాణేలు మట్టిలో కలిసి మెరుస్తున్నాయి.

కోదండపాణి సొమ్ము ముందు గొంతుక్కూర్చున్నాడు. గోనెసంచిలో దోసిళ్లతో ఎత్తిపోశాడు. నిండిన సంచిని మోకుకు కట్టి, తాను ముందెక్కి, పైకి లాగుకున్నాడు. "పురుషోత్తం, రా!" అంటూ మోకు మళ్లీ కిందికి వదిలాడు.

పురుషోత్తం ఎక్కసాగాడు. సగానికి పైగా ఎక్కాడు. పైన కత్తి తళుక్కుమనడం హైమావతి చూసింది.

"అన్నయ్యా! దిగు! దిగు!"

మోకు తెగింది. పురుషోత్తం వెల్లకిలా వచ్చి ఎముకల గుట్టమీద పడ్డాడు. భుజం విరిగిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినబడింది.

"బావా! ఏం చేస్తాండావ్! మేము నీకేం చేసినామని?"

పైనుంచి గొంతు నిదానంగా వచ్చింది. "బొల్లినాయకుడు చేసిందే చేస్తాండా. గుహ కూలి పోయినారని శకుంతలకు చెప్తాలే. బాగా ఏడుస్తాది పాపం."

"కనీసం దీపమైనా ఇచ్చిపో!"

"నీ పటాలున్నాయి గదా. చదువుకుంటా కూచో."

రెండో మోకు చుట్టను భుజాన వేసుకొని, టార్చిలైట్లూ తుపాకీ తీసుకొని అతను వెళ్లిపోయాడు. సంచిలో బంగారం గలగలమంటూ దూరమైంది. ఆ తరువాత చీకటి.

హైమావతి కాసేపు అరిచింది. అరుపు తన చెవులకే తిరిగొచ్చింది. అన్న మూలుగు విని లేచి, తడుముకుంటూ అతని భుజాన్ని తన పైటకొంగు చింపి కట్టింది. నడుముకున్న చిన్న టార్చి అప్పుడు చేతికి తగిలింది. దాన్ని వెలిగించి, రవికలో దాచుకున్న పటాన్ని మోకాళ్లమీద పరిచింది. లోపలికి పళ్లున్న ఆ వలయంమీద వేలు పెట్టింది. బిలం పడమటికే పోతూ వచ్చింది. ఆ గుంట సరిగ్గా పడమటనే ఉంది. కొండ నెత్తి కుంగిందంటే దాని కింద పైకప్పు కూలి ఉండాలి. కూలినచోట వెలుతురు ఉండాలి.

"లే అన్నయ్యా!"

"నాతో కాదే. నువ్వు పో."

"నువ్వు లేవకపోతే నీ పక్కన కూచుంటా. ఇద్దరం వీళ్లలో కలుస్తాం. లే!"

గోడ అడుగున గొలుసుల మనుషులకు అందనిచోట ఒక నెర్రె ఉంది. అందులోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. హైమావతి ముందు పాకుతూ, అన్న చొక్కా కాలరు పట్టి ఈడ్చింది. రాళ్లు మోచేతుల తోలు ఊడ్చేశాయి. పురుషోత్తం రెండుసార్లు స్పృహ తప్పాడు. రెండుసార్లూ చెంపమీద కొట్టి లేపింది. టార్చి ఆరిపోయింది. చీకట్లో పాకి పాకి, ఆఖరికి బూడిదరంగు వెలుతురు కనబడితే ముందు కళ్లు చెదిరాయనుకుంది. కాదు. కూలిన బండలు మెట్లుమెట్లుగా పైకి లేచాయి. వాటి నడుమ చెట్ల వేళ్లు వేలాడుతున్నాయి. వాటిని పట్టుకొని ఆ గుంటలోంచి అన్నాచెల్లెళ్లు బయటపడేసరికి పొద్దు వాలుతోంది.

హైమావతి పటం చూసి దారి నిర్ణయించింది. పడమటి వాలులో ఒకచోట గీతలన్నీ ఒకదాన్నొకటి తాకి ఒకే మందపాటి చారలా ఉన్నాయి. అంటే అక్కడ నిలువు కొమ్ము, కొండ గోడలా తెగిన చోటు. దాని అంచు వెంట చుట్టూ తిరిగి, అవతలి పెంటకు దిగాలి.

కొమ్ము అంచున నడుస్తుండగా కిందినుంచి మూలుగు వినబడింది.

బోర్లా పడుకొని తొంగిచూసింది. పెద్ద చింతచెట్టంత లోతున, వరదలు కడిగి నున్నగా చేసిన వాగుబండమీద కోదండపాణి పడి ఉన్నాడు. రెండు కాళ్లూ పక్కకు తిరిగిపోయి ఉన్నాయి. తుపాకీ రెండు ముక్కలై దూరంగా ఉంది. వచ్చేటప్పుడు పెంటలో ముగ్గురిని చూసినవాళ్లు మిగతా ఇద్దరేరని అడుగుతారని, అతను కొండ చుట్టి పడమటికి అడ్డదారి పట్టాడు. అతని పటంలో ఇక్కడ రెండు గీతలు తీరికగా దూరదూరంగా ఉంటాయి. ఆ రెండింటి మధ్య అతను జారిపోయాడు.

"హైమా! తల్లీ! నువ్వేనా! లాగండి నన్ను! సంచంతా మీకే ఇస్తా!"

"దేంతో లాగేది? మోకు నీ దగ్గరే ఉంది" అంది.

అతను మోకు చుట్ట తీసి పైకి విసిరాడు. సగంకూడా రాకముందే అది తిరిగి అతని మొహంమీద పడింది. మళ్లీ విసిరాడు. మళ్లీ. చివరికి ఏడుస్తూ దాన్ని నేలకేసి కొట్టాడు.

"చుట్టూ తిరిగి రండి! నీళ్లైనా ఇయ్యి!"

చుట్టూ తిరిగి ఆ బండమీదికి రావాలంటే రాత్రంతా పడుతుంది. అన్న పెదవులు తెల్లబడుతున్నాయి. హైమావతి నడుముకు కట్టుకున్న సొరకాయ బుర్రలో మిగిలిన నీళ్లను అన్నచేత రెండు గుక్కలు తాగించి, మిగతావాటితో బుర్రను కిందికి జారవిడిచింది. బుర్ర బండకు తగిలి ఎగిరి, అతని చేతికి అందనంత దూరాన పడి, పగిలింది. కోదండపాణి మోచేతులమీద ఆ తడివైపు పాకడం మొదలుపెట్టాడు.

"మనుషుల్ని తెస్తా!" అని అరిచింది. "హైమా, పోవద్దు! పోవద్దే!" అనే కేక చాలాదూరం వాళ్ల వెంట వచ్చింది.

మరునాడు మధ్యాహ్నం అవతలి పెంటకు చెందిన చెంచు మండ్లి లింగన్న, అతని తమ్ముళ్లు కర్రలూ తాళ్లూ తీసుకొని ఆమెతో వాగులోకి దిగారు. దూరంనుంచే రాబందులు లేచాయి. లింగన్న వంగి ఒడ్డు బురదలోని అడుగుజాడలు చూశాడు.

"దుమ్ములగొండులమ్మా. గుంపుగా వచ్చినాయి."

నున్నటి బండమీద విసరడానికి ఒక్క గులకరాయైనా లేదు. అందుకని కోదండపాణి సంచి విప్పాడు. వాగు పొడుగునా కడియాలు, నాణేలు, మొలతాళ్లు చెల్లాచెదురుగా పడి మెరుస్తున్నాయి. కొన్ని దగ్గరగా పడ్డాయి. అప్పటికి చెయ్యి సత్తువ తప్పినట్టుంది. లింగన్న తమ్ముడొకడు కడియం ఒకటి ఎత్తి చూసి, చెయ్యి కాలినట్టు జారవిడిచాడు. దాని అంచుకు రక్తంతో అతుక్కొని బిరుసు వెంట్రుకలు ఉన్నాయి.

దొరికినంతవరకు మనిషిని గుడ్డలో చుట్టి కర్రకు కట్టారు. బంగారాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పనూ లేదు.

పెంటలో గుడిసె చూరుకింద పురుషోత్తం భుజానికి ఆకుపసరు కట్టుతో పడుకొని ఉన్నాడు. చెల్లెల్ని చూసి తలెత్తాడు.

"బావ?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరవకుండానే, మెల్లగా అడిగాడు.

"సొమ్ము?"

నిన్న అతన్ని చెంపమీద కొట్టి లేపిన హైమావతి చెయ్యి పిడికిలి బిగిసింది.

"వాగులో ఉంది. పోయి తెచ్చుకుంటావా?"

పురుషోత్తం మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కొండలమీద ఉరిమింది. పెద్ద పెద్ద చినుకులు మొదట ఆకులమీద, తరువాత చూరుమీద టపటపమని పడ్డాయి. పొద్దుగూకేలోపు రెండు వాగులూ ఎర్రగా పొంగి, ఒడ్లు ఒరుసుకుంటూ కిందికి దూకాయి.