నా చేతి మీద చెయ్యి

నానక్‌రామ్‌గూడలో నేను నర్సుగా చేసే ఆసుపత్రి, ఆరో అంతస్తు. బయట సాయంత్రపు వాన. ఎదురు ఆఫీసుల్లో దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. సక్కుబాయికి పొద్దున తొడ మొదట్లోని రక్తనాళం గుండా గొట్టం పంపి గుండె పరీక్ష చేశారు. గొట్టం తీశాక ఆ రంధ్రం పూడలేదు. రక్తం చర్మం కిందికి కారి నిమ్మకాయంత ఉబ్బింది. "శిరీషా, గట్టిగా ఒత్తి పట్టుకో. వదిలావంటే ప్రాణం మీదికొస్తుంది" అని చెప్పి డాక్టరు స్కాన్ మిషన్ కోసం వెళ్లారు.

వేళ్లు నొప్పెడితే చెయ్యి మార్చుకోవడానికి మాకో పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు మన చేతి మీద చెయ్యి వేసి "వదులు" అంటారు. మనం కింది నుంచి మెల్లగా జారుకుంటాం. చూపు మాత్రం గాయం మీదే ఉండాలి. నా బదులు రావలసిన హేమంత్ టీకి వెళ్లాడు. టీకి వెళ్తే ఊరంతా చుట్టొచ్చే రకం. లోపల్లోపలే తిట్టుకున్నాను.

కరెంటు పోయింది. జనరేటర్ ఇంకా అందుకోలేదు. చీకట్లో సక్కుబాయి మూలుగు, వాన చప్పుడు. ఎక్కడిదో తడిమట్టి వాసన... అప్పుడు నా చేతి మీద చెయ్యి పడింది. చల్లగా.

"వదులు."

జారుకున్నాను.

దీపాలు వెలిగాయి. మంచం పక్కన ఎవరూ లేరు.

పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ ఒత్తబోయి ఆగాను. వాపు పెరగలేదు. సక్కుబాయి చర్మం మీద నాలుగు వేళ్ల గుంటలు... లోతుగా. ఇంకా ఒత్తుతున్నట్టే.

"బిడ్డా," సక్కుబాయి గుసగుసగా అంది. "నువ్వు తీసినవ్ గని, ఆమె చెయ్యి తీస్తలేదు. జర చెప్పు."

"ఎవరమ్మా?"

"నాకేం తెల్సు? నీ ఎన్కనే నిలబడ్డది."

వెనక్కి తిరిగే ధైర్యం లేదు. పారిపోదామంటే ఈవిడ ప్రాణం నా చేతిలో ఉంది. ఆ గుంటల మీద చెయ్యి పెట్టాను. కింద వేళ్లు తగిలాయి...

"వదులు," అన్నాను.

ఒక్కొక్క వేలే జారుకుంది.

డాక్టరూ హేమంతూ మిషన్ తోసుకుంటూ వచ్చారు. చూస్తే రంధ్రం మూసుకుపోయి ఉంది. "బాగా పట్టుకున్నావ్" అన్నారు డాక్టరు.

"ఏందక్కా, గిట్ల చెమటలు?" అన్నాడు హేమంత్. ముఖం తుడుచుకుని పక్కకి జరిగాను.

మర్నాడు సక్కుబాయి నవ్వుకుంటూ, తన కాళ్ల మీద నడిచి ఇంటికెళ్లింది.

నాకు ఏ పరీక్షా చేయలేదు, ఏ గొట్టమూ పెట్టలేదు. కానీ ఆ సాయంత్రం నుంచి నా తొడ మొదట్లో నాలుగు వేళ్ల గుంటలున్నాయి. నొప్పి లేదు. ఎవరో గట్టిగా ఒత్తి పట్టుకున్నారు. వదలమని అడగాలంటే భయం. ఆ వేళ్ల కింద ఏం ఆగి ఉందో...