మంచు కింద చెప్పిన మాట

మా ఆయన నిశాంత్ శబ్దాలతో కళాఖండాలు చేస్తాడు. ఉత్తర ధ్రువంలో కరిగిపోతున్న మంచు చప్పుళ్ళు రికార్డు చేస్తానని కళాకారుల ఓడెక్కినప్పుడు మా పిన్ని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే ఉదయా?" అంది. నేనూ నవ్వాను. అతను తెచ్చినవాటిని ప్రదర్శన కోసం ఎడిట్ చేసేది మాత్రం నేనే.

తిరిగొచ్చాక మనిషి మారాడు. ఆవకాయ లేనిదే ముద్ద దిగనివాడు దాని వాసనకే ముఖం తిప్పుకుంటున్నాడు. సొంతింట్లో స్విచ్చుల కోసం తడుముకుంటున్నాడు. ఓడలో ఎవతైనా తగిలిందేమోనని నాకు ఒళ్ళు మండింది. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఫోన్ కూడా వెతికాను. ఏమీ దొరకలేదు.

శనివారం మధ్యాహ్నం సింగపూర్‌లో మేముండే సెంగ్‌కాంగ్ మీద వాన విరుచుకుపడింది. ఫ్లాటంతా చీకటి, తడిసిన సిమెంటు వాసన. నిశాంత్, ఆరేళ్ళ మా నిఖిల లోపలి గదిలో గుసగుసలాడుకుంటున్నారు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరి రికార్డింగ్ తెరిచాను.

నిశాంత్‌కి ఒక పద్ధతుంది. ప్రతి రికార్డింగ్ మొదట్లోనూ, చివర్లోనూ తన పేరూ, చోటూ పైకి చెబుతాడు. మొదట్లో చెప్పింది మామూలు మైకులో, గాలి హోరు మధ్య వినిపించింది. తర్వాత నీటి మైకుని మంచు కన్నంలోంచి కిందికి దించిన చప్పుడు. టిక్... టిక్... మంచు చిట్లుతోంది. ఉన్నట్టుండి ఏదో బరువైనది నీళ్ళలో పడింది. చాలాసేపు నిశ్శబ్దం.

అప్పుడు అతని గొంతు. నీటి మైకులోనే.

"నిశాంత్... మంచు కింద..."

నీళ్ళలో ముంచిన మైకుకి పైనున్న మనిషి మాట అంత దగ్గరగా వినపడదు. నోరు దాని పక్కనే ఉండాలి.

"ఉదయా... పైకెక్కింది నేను కాదు... పాపని వాడితో పంపకు..."

భుజం మీద చెయ్యి పడింది. హెడ్‌ఫోన్స్ లాగేశాను.

"ఏమన్నాడు?" మెల్లగా అడిగాడు నిశాంత్.

"ఎవరు...? ఏం లేదు... ఒట్టి మంచు చప్పుళ్ళే..."

తలూపి గుమ్మం వైపు నడిచాడు. నమ్మాడో లేదో తెలియలేదు. అక్కడ నిఖిల చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికే?" అన్నాను లేస్తూ.

"నాన్నస్ హౌస్ లా! జాకెట్ నో నీడ్, హీ సే," అంది బడిలో అబ్బిన సింగపూర్ ఇంగ్లీషులో. నాన్న ఇంటికట, చలికోటు అక్కర్లేదట.

పరుగెత్తి దాని చెయ్యి పట్టుకున్నాను. రెండో చెయ్యి అప్పటికే అతని చేతిలో ఉంది.

ఇద్దరం వదల్లేదు.