దొరగారి నిద్ర

"తోసుకోకండే! ఒక్కొక్కరే రండి," అంది పిడుగు, గది తలుపుకి అడ్డంగా నిలబడి.

ఇంట్లో ఆ పిల్లని అందరూ పిడుగనే పిలుస్తారు. క్లాసులోనూ అదే పేరు ఖాయమైపోయింది. ఇవాళ బడి వదలగానే ముగ్గురు స్నేహితురాళ్ళని వెంటేసుకొచ్చింది, కొత్తగా వచ్చిన కుందేలుని చూపించడానికి.

దాన్ని ఎవరో అట్టపెట్టెలో పెట్టి, మూసేసిన దుకాణం వెనక వదిలేసి పోయారట. జంతువుల డాక్టరమ్మ తెచ్చి బాగుచేసి, పిడుగు వాళ్ళకి ఇచ్చింది. "పది రోజులు చూస్తాను. మీ ఇంట్లో కుదురుకుంటే మీదే. లేదంటే వెనక్కి తీసుకుంటాను," అని ముందే చెప్పింది.

ఇది నాలుగో రోజు. కూర్చున్న చోటికే ఆకులు తెప్పించుకుంటోందని నాయనమ్మ దానికి 'దొరగారు' అని పేరు పెట్టింది.

పిడుగు మంచం కిందికి చెయ్యి పోనిచ్చి దొరగారిని బయటికి లాగింది. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టింది. కాసేపు కాళ్ళు తన్నుకున్న కుందేలు ఉన్నట్టుండి కదలడం మానేసింది.

"చూశారా? నా ఒళ్ళోకి వస్తే చాలు, నిద్రే!"

"నాకివ్వవే, నాకు!" అంది రెండుజడల పిల్ల.

వంతులు వేసుకుని అందరూ పడుకోబెట్టుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ ముక్కున వేలేసుకుంది.

"అదేం నిద్రే, కళ్ళు తెరుచుకుని?"

"కుందేళ్ళు అంతే నాయనమ్మా! నీకు తెలీదు."

చీకటి పడే వేళకి పెట్టిన గడ్డి పెట్టినట్టే ఉంది. కొత్తిమీర ముక్కు దగ్గర పెట్టినా దొరగారు వాసనైనా చూడలేదు. ట్రేలో ఒక్క పెంటిక కూడా లేదు. తిండి మానేస్తే వెంటనే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పిన మాట పిడుగుకి గుర్తొచ్చింది. బస్సు డ్యూటీ దిగొచ్చిన నాన్నని చెప్పులైనా విప్పనివ్వకుండా ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ కుందేలు పొట్ట తడిమి చూసింది. "ఇవాళ కొత్తగా ఏమైనా జరిగిందా?"

"ఏం లేదండీ. హాయిగా నిద్రపోయింది. నా ఒళ్ళో, వెల్లకిలా."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

"అది నిద్ర కాదు తల్లీ. ఏదో జంతువు నోట్లో పడ్డాననుకుని అలా బిగుసుకుపోతుంది. భయానికి దాని పొట్ట కూడా పనిచెయ్యడం మానేస్తుంది. ఎన్నిసార్లు పడుకోబెట్టావ్?"

నిజం చెబితే తీసేసుకుంటుందేమో! "ఒక్క..." అంటూ పిడుగు కుందేలు వైపు చూసింది. అది టేబుల్ మీద ముడుచుకుని కూర్చుంది. బొచ్చు కిందనుంచి గుండె టకటకా కొట్టుకోవడం పైకే కనిపిస్తోంది.

"ఆరుసార్లండీ. మేం నలుగురం."

డాక్టరమ్మ కుందేలుకి మందు పట్టించింది. చాలాసేపటికి కుందేలు ఒక ఆకు కొరికింది. అప్పుడు పిడుగు కళ్ళు తుడుచుకుంది.

"దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి. నన్ను చూస్తే భయం కదా దీనికి."

"భయపెట్టింది నువ్వు, పోగొట్టేది నేనా? బాగుంది!" అంది డాక్టరమ్మ. "తీసుకెళ్ళు. ఎత్తకు. నువ్వే నేల మీదికి దిగు. దానికి రావాలనిపిస్తే వస్తుంది."

పదో రోజు స్నేహితురాళ్ళు మళ్ళీ వచ్చారు.

"దొరగారి నిద్ర చూపించవే!"

"అది నిద్ర కాదే, భయం. నాకు తెలీక మీ చేత కూడా చేయించాను. ఇంక ఎవ్వరం ఎత్తకూడదు."

"అయితే మంచం కోళ్ళు చూడ్డానికా మేం వచ్చింది?" అంది రెండుజడల పిల్ల.

పిడుగుకి రోషం పొడుచుకొచ్చింది. అయినా మింగేసి, నేల మీద బోర్లా పడుకుంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మిగతావాళ్ళూ పడుకున్నారు.

మంచం కిందనుంచి ముందు మీసాలు వచ్చాయి. తర్వాత చెవులు. కుందేలు ఒక్కొక్కరి మోచెయ్యీ వాసన చూసుకుంటూ వచ్చి పిడుగు మొహం ముందు ఆగింది.

"పట్టుకోవే, పట్టుకో!" గుసగుసలాడింది రెండుజడల పిల్ల.

పిడుగు చేతులు ఊరుకోనంటున్నాయి. మెల్లిగా రెండు చేతుల్నీ పొట్ట కింద దోపుకుని, వాటి మీదే బరువంతా వేసింది.

"పిడుగూ, డాక్టరమ్మగారు వచ్చారు. లేవవే!" అంటూ వచ్చింది నాయనమ్మ.

"లేవలేను నాయనమ్మా," పెదవులు మాత్రమే కదిలించింది పిడుగు. "దొరగారు నా జడ తింటున్నారు."

డాక్టరమ్మ చప్పుడు చెయ్యకుండా చెప్పులు విప్పి, తనూ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. రిబ్బను సగం పీలికలయ్యేదాకా పిడుగు చేతులు బయటికి తియ్యలేదు.