దోషి గడి

పదకొండో ప్రకరణం ముగియగానే తెర మీద ఎప్పటి గడే వెలిగింది: దోషి.

పరాంకుశం వేళ్లు విరుచుకున్నాడు. పాతికేళ్లు అపరాధ పరిశోధన నవలలు రాసిన చేతులవి. ఇప్పుడు రాసేది పాఠకులకు కాదు, నేరదర్శిని అనే యంత్రానికి. అతను కల్పించిన దోషి లక్షణాలను అది ఊరందరితో పోల్చుతుంది. సరిపోలినవాళ్లు ఏ నేరమూ చేయకుండానే ముందుచెరకు పోతారు. నవల మొదలైన రోజు మూసుకున్న రచయిత గది తలుపు, గడి నిండితేనే తెరుచుకుంటుంది.

ఈ నవలలో ఒక ముసలావిడ మంచంలోనే పోయింది. ఆధారాలన్నీ ఒక ఎడంచేతివాటం మనిషి వైపు చూపుతున్నాయి: ఒకప్పటి ఆసుపత్రి ఆయా, మణికట్టు మీద కాలిన మచ్చ.

తలుపులోని చిన్న కిటికీలోంచి టీ గ్లాసు వచ్చింది. చల్లారకుండా పైన మూత. ఆ మూత పెట్టమని టీ తెచ్చే పైడితల్లికి ఎవరూ చెప్పలేదు. భార్య పోయాక అతని కోసం ఎవరైనా అంత ఆలోచించడం అదే మొదలు.

"తాగియ్యండి మేష్టారూ. ఈపాలి చంపిందెవులు?"

"ఇప్పుడే చెప్పేస్తే ఇంకేం మజా, పైడితల్లీ?"

"ఎవులో ఒకలు ఉండాల కదేటి! ఆసుపత్రిలో పన్జేసినన్నాళ్లూ చూసినాను. పోయినోల చుట్టాలు ఎవుల్నో ఒకల్ని తిట్టందే ఇంటికెల్లరు."

నవ్వుతూ, పొద్దుటి ఖాళీ గ్లాసు కోసం చేయి లోపలికి చాచింది. ఎడమ చేయి. మణికట్టు మీద మచ్చ.

ఈ నవల మొదలుపెట్టిన మూడు నెలలుగా అతనికి కనిపించిన మనిషి చేయి అదొక్కటే. ఆ చేతినీ, ఆమె ఆసుపత్రి కబుర్లనూ తెలియకుండానే కథలోకి ఎత్తుకున్నాడు.

తెర పలికింది: "సరిపోలిక ఒకటి. నిర్ధారించండి."

వేరే పేరు రాస్తే వేరే ఎవరో పోతారు. భార్య పోయిన ఏడాదంతా అతనూ ఆ చుట్టాల్లాగే డాక్టరును తిట్టాడు, అంబులెన్సు డ్రైవరును తిట్టాడు, చివరికి తనను తిట్టుకున్నాడు. నిజానికి ఆమె గుండె అలసిపోయింది, అంతే.

గడిలో రాశాడు: ఎవరూ చంపలేదు. నిద్రలో పోయింది.

"దోషి లేని నవల చెల్లదు. దోషి?"

మళ్లీ అదే రాశాడు. ఈసారి తెర ఎన్నడూ అడగని ప్రశ్న వేసింది: "మీ గత నలభై నవలల్లోనూ దోషి లేకపోయి ఉండవచ్చా?"

ఉండవచ్చు, అని రాశాడు.

"పోల్చడం నిలిపివేయబడింది."

తలుపు తెరుచుకోలేదు. కిటికీ మాత్రం కదిలింది.

"గ్లాసియ్యండి మేష్టారూ. రేపు అల్లం ఎయ్యనా?"

"వెయ్యమ్మా," అన్నాడు ఖాళీ గ్లాసు అందించి, టీ గ్లాసు మీద మూత సర్దుతూ. "రేపూ ఇక్కడే ఉంటాను."