నిమ్మకాయలు తొక్కని బస్సు

"బాంబు ఎక్కడుందో తెల్వదు ఏంజెలిన్. రిమోట్ మాత్రం మనోళ్ల చేతిలనే..."

చీఫ్ మహేంద్ర మాట పూర్తి కాలేదు. వలస కార్మికుల హాస్టల్ వంటింటి కిటికీలోంచి చప్పుడు లేకుండా వచ్చిన తూటా ఆయన గొంతు చీల్చేసింది. చపాతీ పిండి ఎర్రబడింది. వంటమనిషి వేషంలో ఉన్న ఏజెంట్ ఏంజెలిన్ ఏడుపు మింగుకుని ఆయన కళ్లు మూసింది.

బయట పటాన్‌చెరు ఎండలో కొత్త బస్సు. నేపాల్, భూటాన్, శ్రీలంకల నుంచి వచ్చిన నలభై మంది ఎక్కుతున్నారు. కొత్త ఒప్పందం ప్రకారం పొరుగు దేశాలవాళ్లు ఇక బ్రోకర్ కాళ్లు పట్టుకోనక్కర్లేదు. ఒకే వర్క్ కార్డు, ఇక్కడివాళ్లతో సమానంగా జీతం. ఈ మొదటి బ్యాచ్ ఫ్యాక్టరీ గేటు దాటితే మనుషుల్ని అమ్ముకునే విదేశీ ముఠా దుకాణం బంద్. దారిలో చస్తే కార్డే బంద్. ఏంజెలిన్ తండ్రి బర్నబా అలాంటి బ్రోకర్‌నే నమ్మి గల్ఫ్‌కు వెళ్లి శవపేటికలో తిరిగొచ్చాడు. ఆ మంట ఆమెకు ఇంకా చల్లారలేదు.

"బీరంగూడ బస్సు పోయిందా?"

ముందు సెంటు వాసన, వెనక మనిషి. పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్. ఏంజెలిన్ పనిచేసే నిఘా ఏజెన్సీకే చెందిన తేజస్విని.

"టైరు పంచరయింది," అని కోడ్ కలిపింది ఏంజెలిన్. "సార్‌ను సంపిన్రక్కా."

"చూశాను. ఏడవడానికి టైం లేదు. బాంబు ఫ్యాక్టరీ బాయిలర్ రూంలో ఉందట. నువ్వు బైక్ మీద వెళ్లిపో. బస్సు సంగతి నేను చూసుకుంటా."

ఏంజెలిన్ బైక్ ఎక్కుతుండగానే బస్సు కదిలింది. దండ ఉంది, పసుపు బొట్లున్నాయి. పూజ పళ్లెంలో నాలుగు నిమ్మకాయలు మాత్రం అరుగు మీద అలాగే మిగిలిపోయాయి.

ఆమె ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషే. కానీ పుట్టి పెరిగింది సంగారెడ్డిలో. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టకుండా కొత్త బండి తీసే డ్రైవర్‌ను ఈ రోడ్డు మీద ఇంతవరకు చూడలేదు. స్టీరింగ్ ముందున్నవాడు ఈ బస్సుకు పెట్టిన డ్రైవర్ నర్సన్న కాదు. అంటే బాంబు బస్సులోనే ఉంది. మరి తనను బాయిలర్ రూంకు తరిమిందెవరు?

ఏంజెలిన్ పరుగెత్తి ఫుట్‌బోర్డు మీదికి దూకింది.

"బండి ఆపురా!"

వాడు కత్తి విసిరాడు. ఆమె భుజం తెగింది. నడుముకు దోపుకున్న చపాతీ కర్రతో వాడి మణికట్టు విరగ్గొట్టి, బస్సు ఆగేదాకా ముఖాన్ని స్టీరింగ్‌కేసి బాదింది. పళ్లు రాలాయి. సీటు కింద ఎర్ర లైటు వెలుగుతోంది. కిటికీ అవతల తేజస్విని లిప్‌స్టిక్ మూత తీస్తోంది.

ఏంజెలిన్ చపాతీ కర్ర పిడి గిర్రున తిప్పింది. లోపల దాచిన సిగ్నల్ జామర్ గుయ్‌మంది. తేజస్విని లిప్‌స్టిక్‌లో దాచిన రిమోట్ మీట నొక్కింది. ఎర్ర లైటు మినుక్కుమని ఆరిపోయింది.

తేజస్విని పిస్టల్ తీసింది. దానికి సైలెన్సర్ ఉంది. సార్‌ను చంపింది అదే. ఏంజెలిన్ రెండోసారి ఆలోచించలేదు. ఏప్రన్ కింది పిస్టల్ లాగి కిటికీలోంచి కాల్చింది. పట్టుచీర దుమ్ములో కూలిపోయింది.

బస్సు డిక్కీలోంచి దబదబా చప్పుడు. తెరిస్తే కట్లతో, తల పగిలి, అసలు నర్సన్న! నెత్తుటిని చూశాడు, శవాన్ని చూశాడు, చివరికి అరుగు మీది పళ్లెం చూశాడు.

"ఏందమ్మా గిది! నిమ్మకాయలు తొక్కియ్యకనే బండి తీసిన్రా? గందుకే గిట్లయింది!"

బాంబ్ స్క్వాడ్ పని ముగించాక, ఏంజెలిన్ కట్టు కట్టిన భుజంతోనే వంగి ఒక్కో టైరు కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది.

"ఇగ జల్దీ పోనియ్యే అన్నా. వీళ్లను గేటు దాటియ్యి. మా పాస్టర్‌కు మాత్రం చెప్పకు."