వాల్వ్ తిప్పకముందే

"పొద్దున ఆరింటికి ఈ సీసాలో నీళ్లు గీతదాకా ఉన్నాయి. ఎనిమిదైంది, ఇప్పుడూ గీతదాకానే ఉన్నాయి. ఇందులో నీళ్లు ఊరుతున్నాయా?" తల్లి సీసాని తండ్రి ముక్కు ముందు ఆడిస్తోంది.

"తాగలేదేమో మరి," అన్నాడాయన గోడకేసి చూస్తూ.

"తాగి, కుళాయి కింద పట్టి మళ్లీ నింపారు. మీసం ఇంకా తడిగానే ఉంది."

"నలభై ఏళ్లు ఇంటింటికీ పైపులు వేసి నీళ్లు తెప్పించినవాణ్ణి. నా ఇంట్లో నాకే కొలతా?"

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న పెద్దమ్మాయికి ఈ గొడవ కొత్త కాదు. ఐదు వారాల కిందట తండ్రి పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బితే ఆపరేషన్ చేశారు. దాన్ని బాగుచేసినంతసేపూ, దాదాపు గంట, కిడ్నీలకు రక్తం ఆపక తప్పలేదు. తర్వాత రక్తం వదిలారు, కిడ్నీలు మాత్రం పనిలోకి రాలేదు. అవి కోలుకునేదాకా వారానికి మూడుసార్లు డయాలసిస్. తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి కాబట్టి రోజంతటికీ ఒక్క సీసా నీళ్లే, సీసాకి గోళ్ల రంగుతో గీత.

ఇవాళ తీసుకెళ్లడం తన వంతు. తండ్రి కాళ్లు చూసి ఆగిపోయింది. చీలమండలు కనిపించనంతగా ఉబ్బాయి.

"నాన్నా, మొన్న వెళ్లావా?"

ఆయన కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. తల్లి సీసా మూత బిగించడం మొదలుపెట్టింది. బస్సు డ్యూటీకి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన తమ్ముడు అందుకున్నాడు. "వెళ్లలేదు. ఇవాళా వెళ్లడట. అంతా నీ మూలంగానే."

"నా మూలంగానా?"

"నువ్వు ల్యాబ్‌లో మందు చేస్తున్నావటగా. అదొస్తుంటే ఈ సూదులెందుకట. వీధిలో అందరికీ చెప్పేశాడు కూడా."

ఆమెకి గుర్తొచ్చింది. ఆపరేషన్ మర్నాడు వార్డులో, తండ్రి చెయ్యి వణుకుతుంటే తనే అంది: భయపడకు నాన్నా, మా ల్యాబ్‌లో దీనికే మందు చేస్తున్నాం అని. ఒక్క మాట. ఆయన దాన్ని ఐదు వారాలుగా కళ్లకద్దుకుని దాచుకున్నాడు.

"మరి తేవేం అక్కా? ఎలుకలకి ఇస్తావు, కన్నతండ్రికి ఇవ్వడానికి చేతులు రావా?"

"పదేళ్లుగా ఆ ల్యాబే," అంది తల్లి. "తమ్ముడి పెళ్లిలో నిలబడి భోంచేసి పరిగెత్తావు. ఎప్పుడడిగినా ఎలుకలే. ఆ చాకిరీ అంతా చేశావు కదా, ఒక్క సీసా ఇంటికి తేలేవా?"

"అది పనిచెయ్యదమ్మా!"

తన అరుపుకి తనే ఉలిక్కిపడింది. కుర్చీలో కూలబడి, తండ్రి మొహం చూడకుండా చెప్పుకుపోయింది.

"రక్తనాళం లోపలి గోడ మీద జిగురులాంటి అణువులుంటాయి. రక్తం ఆగి మళ్లీ వచ్చేసరికి గోడ కంగారుపడి ఆ జిగురు ఇంకా పైకి తెస్తుంది. బాగుచేద్దామని వచ్చే తెల్లకణాలు దానికి అతుక్కుని, గుంపులుగా లోపలికి దూరి, కిడ్నీలో మిగిలినదాన్ని కూడా పాడుచేస్తాయి. మా మందు ఆ జిగురుని కప్పేస్తుంది. కానీ రక్తం వదలకముందే ఇవ్వాలి. ఆలస్యంగా ఇచ్చి చూశాం. ఒక్క ఎలుకా బాగుపడలేదు. నీకు ఆ మాట చెప్పేనాటికే నాకీ సంగతి తెలుసు నాన్నా."

తమ్ముడి చెయ్యి ఆఖరి గుండీ మీదే ఉండిపోయింది.

"అంటే తుప్పు," అన్నాడు తండ్రి.

"ఏమిటి?"

"పాత ఇళ్లలో మెయిన్ వాల్వ్ కట్టేసి మళ్లీ తిప్పితే, తుప్పంతా ఊడొచ్చి కుళాయి జాలీలో పట్టేస్తుంది. అందుకే వాల్వ్ తిప్పకముందే జాలీ విప్పి పక్కన పెట్టేవాణ్ణి. పట్టేశాక ఎంత ఏడ్చి ఏం లాభం? అంతేనా?"

"దాదాపు అంతే."

"మరి ఈ ముక్క ఆరోజే చెప్పచ్చుగా. నాకర్థం కాదనుకున్నావా?"

"నువ్వు భయపడతావనుకున్నాను."

"నేనా?" ఆయన కూతురి చేతులకేసి చూశాడు. అవి ఇప్పుడు కూడా వణుకుతున్నాయి. "ఆరోజు వణికింది నా చెయ్యి కాదే పిచ్చిదానా. నువ్వు పట్టుకుని వణుకుతుంటే, నా చెయ్యీ ఊగింది."

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. తల్లి వచ్చి, తిట్టిన నోటితోనే "ఊరుకో" అంటూ కొంగు అందించింది.

"జాలీ పోతే కొత్తది కొంటాం," అన్నాడు తండ్రి. "మరి ఇది?"

"ఇది దానంతటదే కొంత బాగుపడగలదు. నెలలు పట్టచ్చు. బాగుపడకపోనూవచ్చు. కానీ ఈలోగా డయాలసిస్ మానేస్తే గుండె ఆగిపోతుంది నాన్నా. ఇది మాత్రం అబద్ధం కాదు."

ఆయన సీసా అందుకుని సింకు దగ్గరికి నడిచాడు. తను దొంగచాటుగా నింపిన నీళ్లు అటూ ఇటూగా లెక్కేసి ఒంపేశాడు. నీళ్లు గీతకి బాగా కిందికి దిగాయి. బల్ల మీద పెట్టి, ముగ్గురినీ ఒకసారి చూశాడు.

"ఇవాళ వెళ్తున్నా. ఇకనుంచి ప్రతిసారీ వెళ్తా, బాగుపడినా పడకపోయినా. ఎవరూ అడగక్కర్లేదు." చెప్పుల్లో ఉబ్బిన కాళ్లు దూర్చడానికి తంటాలు పడుతూ అన్నాడు: "వీధిలో వాళ్లకి కూడా నేనే చెప్తా. మా అమ్మాయి మందు నాకు కాదు, నా తర్వాత ఆ ఆపరేషన్ బల్ల ఎక్కేవాడికి అని."