తల్లి పేరు రాసే గడి

2017 జులై, బుధవారం. జెద్దా. మధ్యాహ్నం పన్నెండు నలభై.

ఆ వేళకు షరఫియా వీధుల్లో మనిషి నీడ కాళ్ల కిందికి చేరుతుంది. జుహర్ నమాజుకు దుకాణాల షట్టర్లు దిగాయి. ఎండవేళ పని నిషేధం కాబట్టి కట్టడాల మీద ఎవరూ లేరు. ఏసీల మోత తప్ప చప్పుడు లేదు. కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి, అరవడం లేదు...

మూడో అంతస్తులో ఆసిఫా మంచం దిగి నేల మీద గొంతుక్కూర్చుంది. మగగొంతుతో అడిగింది.

"జర నీల్లియ్యరాదన్నా."

ఆమెది రాయచోటి. తెలంగాణలోని కోరుట్ల ఎక్కడుందో ఆమెకు తెలియదు. ఆమె నోట ఆ ఊరి మాట రావడం అది ఆరో రోజు. నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. అరచేతులకు సిమెంటు తిన్న పుండ్లు లేచాయి. ఆమె ఏనాడూ సిమెంటు పట్టలేదు.

భర్త అబ్దుల్ ఖాదర్ టైపిస్టు. జనన మరణ పత్రాలు అనువదించి టైప్ చేసే దుకాణంలో పన్నెండేళ్లుగా ఉన్నాడు. ఆ నెల నుంచి పరాయిదేశం వాళ్ల కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను మొదలైంది. ఆసిఫాను ఇంటికి పంపడానికి టికెట్ తీశాడు. ఆమె వెళ్లేలోగా ఒక పాత తప్పు దిద్దాలనుకున్నాడు. ఈ ఆరు రోజులూ దానికి వచ్చిన జవాబు.

తప్పు 2013 నాటిది. ఆ ఏడు నితాఖత్ అమలైంది. సౌదీలను పెట్టుకోని కంపెనీల్లో పరాయిదేశం వాళ్లకు ఇకామాలు, అంటే నివాస అనుమతి కార్డులు, రెన్యువల్ కాలేదు. కోరుట్ల మేస్త్రీ భూమేష్ ఇకామా అలా చచ్చింది. తరువాత అతనికి జ్వరం వచ్చింది. ఇకామా లేనివాణ్ని ఆసుపత్రి చేర్చుకోదు. కూలీల క్యాంపులో పక్క మంచం బుచ్చన్న తన ఇకామా చూపి చేర్పించాడు. మూడో రోజు భూమేష్ పోయాడు. పోయింది బుచ్చన్న అని రాశారు.

ఆ కాగితాలు నడిపిన ఏజెంటు పేరు దిలావర్. టైప్ చేసింది ఖాదర్. తెలిసే చేశాడు.

దిలావర్‌కు ఏజెంటు పని పైకి మాత్రమే. చచ్చినట్టు ఎక్కడా రాయని మనిషి ఎక్కడికీ పోడని, వాణ్ని కట్టి పని చేయించవచ్చని అతనికి తెలుసు. జెద్దా పాతబస్తీ బలద్‌లో ఒక గది, ఆ గదిలో ఒక పుర్రె, పుర్రె చుట్టూ ఒకే నల్లదారం, దారానికి పదకొండు ముడులు. ఒక్కో ముడి ఒక్కో కూలీ. ఎవరి మీదికి తోలమంటే వాళ్ల మీదికి తోలేవాడు. బతికుండగా వాళ్లకు జీతం ఎగ్గొట్టినవాళ్లే అతని దగ్గరికి వచ్చేవారు. చచ్చాక కూడా వాళ్లతోనే చాకిరీ!

రెండు వారాల క్రితం భూమేష్ భార్య ఉమాదేవి ఖాదర్ ఫోనుకు వాయిస్ మెసేజ్ పెట్టింది. పోయిన వారం ఖాదర్ ఆసుపత్రి నంబరున్న పాత ఫైలు బయటికి తీశాడు. మూడో రోజు నుంచి ఆసిఫా గొంతు మారింది.

ఫోను మోగింది.

"ఏం ఖాదర్ భాయ్," అన్నాడు దిలావర్. "బీబీ తెలంగాణ మాట మంచిగ నేర్చిందట గదా. ఆ ఫైలు తెచ్చియ్యి. రేపు అసర్ నమాజు దాటితే నీ బీబీ వానితోటే పోతది. టికెట్ వాపస్ చేసుకో."

ఖాదర్ ఫోను పెట్టేశాడు. ఆరు రోజులుగా భయపడ్డాడు. ఇప్పుడు కోపం వచ్చింది. సంచిలోంచి మరణ నమోదు సవరణ ఫారం తీసి ఆసిఫా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అలాంటి ఫారాలు రోజుకు పది నింపుతాడు. ఎదుట ఎవరున్నా అడిగేవి అవే.

"పేరు చెప్పు."

"బుచ్చన్న అని రాసిండ్రు. నేను భూమేష్‌ని."

"నాయిన పేరు?"

"గంగారాం."

"యాడ పోయినావు?"

"నాలుగో వార్డు. పదిహేడో మంచం. కిటికీ పక్కపొంటి."

"అమ్మ పేరు?"

ఆసిఫా దవడలు బిగిశాయి. మెడ నరాలు లేచాయి. "జైనాబీ."

ఖాదర్ కలం ఆగింది. "గంగారాం కొడుక్కి జైనాబీ అమ్మ యెట్లయితాది?"

"నోట్లకు గదే వస్తది. గది దిలావర్ గాని తల్లి పేరు. మా పదకొండు మందిని ఆమె పేరు మీదనే కట్టిండు. మా అవ్వ పేరు యాదికొస్తలేదు. పిలుద్దామంటె పేరు లేదు." ఆసిఫా వేలు ఖాదర్ వైపు లేచింది. "నువ్వే గదా టైపు కొట్టింది."

"నేనే."

"మల్ల కొట్టు."

ఖాదర్ ఫోనులో ఉమాదేవి మెసేజ్ వినిపించాడు. "అన్నా, ఎమ్మార్వో ఆఫీసుల నీ మొగడు సచ్చినట్టు ఏడున్నదంటున్నరు. పిల్లలకు తాత పేరు, నాయినమ్మ పేరు రాయిద్దామంటె నడుమ మనిషే లేడాయె. మా మామ గంగారాం, మా అత్త లచ్చవ్వ. జర చూడన్నా."

లచ్చవ్వ అన్న మాట దగ్గర ఆసిఫా ముందుకు పడిపోయింది. ఖాదర్ గడి నింపాడు.

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర. నమోదు కార్యాలయం.

బుచ్చన్న తాయిఫ్ ఊళ్లో ఒక తోటలో నాలుగేళ్లుగా దాక్కున్నాడు. ఖాదర్ కబురు పెడితే పొద్దున టమాటా బండిలో వచ్చాడు. గుమాస్తా అతని వేలు యంత్రం మీద పెట్టించాడు. తెర మీద మృతుడు అని వచ్చింది.

"నేనే సార్ సచ్చింది," అన్నాడు బుచ్చన్న తెలుగులోనే. "గిట్ల కొట్టుకుంట తిరుగుతున్న."

ఖాదర్ దాన్ని అరబ్బీలో చెప్పాడు. గుమాస్తా నవ్వలేదు. ఆసుపత్రి ఫైలు నంబరు కొట్టాడు. శవం వేలిముద్రలు అందులోనే ఉన్నాయి. భూమేష్ పాత ఇకామా ముద్రలతో కలిశాయి. నాలుగేళ్లలో ఒక్కరూ పోల్చి చూడలేదు. గుమాస్తా తన వాళ్లనే ఏదో తిట్టాడు. బుచ్చన్నను డిపోర్టేషన్‌కు పంపాలని చెప్పాడు.

"పంపనియ్యి," అన్నాడు బుచ్చన్న. "సచ్చినోన్నైతే పంపరు గదా."

జుహర్ నమాజుకు లేవబోతూ గుమాస్తా పన్నెండు నలభైకి ఫారం మీద స్టాంపు వేశాడు.

అదే నిమిషాన బలద్‌లోని గదిలో పుర్రె కదిలింది...

తాను ఊళ్లో లేనట్టు కనబడాలని దిలావర్ బయట తాళం వేయించుకుని లోపల కూర్చునేవాడు. చూస్తుండగా దారంలో ఒక ముడి విడిపోయింది. దారం ఒక్కటే కాబట్టి వదులైంది. రెండో ముడి... మూడోది... పదకొండూ జారాయి. దారం నేల మీద పడింది.

తడి సిమెంటు వాసన వచ్చింది. తలుపు తెరుచుకోలేదు, కాని గదిలో మనుషులు నిండారు. హెల్మెట్ లేని తలలు. బూట్లు లేని కాళ్లు. వాళ్లు అరవలేదు. ఒకడు బెంగాలీలో, ఒకడు ఉర్దూలో, ఒకడు కోరుట్ల మాటలో ఒకే సంగతి అడిగారు.

"అన్నా... నీ తల్లి పేరు మాకెందుకు పెట్టినవ్?"

దిలావర్ వెనక్కి జరిగాడు. గోడ తగిలింది. నాలుగేళ్లుగా తప్పని కట్టుమంత్రం ఎత్తుకున్నాడు. చివరి మాట గట్టిగా అన్నాడు.

"జైనాబీ కొడుకా... కదలకు!"

ఆ గదిలో జైనాబీ కొడుకు ఒక్కడే ఉన్నాడు.

చెయ్యి లేవలేదు. రెప్ప పడలేదు. నాలుక అంగిట్లో నిలిచిపోయింది. వచ్చినవాళ్లు అతన్ని ముట్టుకోలేదు. గోడల్లోంచి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. భూమేష్ చివర వెళ్లాడు. ఏసీ ఆగింది. జులై ఎండ గోడల మీద పనిచేసింది. బయట తాళం తాళంగానే ఉంది.

ఐదో రోజు వాసనకు పోలీసులు తలుపు పగలగొట్టారు.

దిలావర్ తన కాగితాలన్నీ ఏనాడో కాల్చేశాడు. తల్లి పేరు పట్టి తనను ఎవరూ కట్టకూడదని. అందువల్ల శవానికి పేరు దొరకలేదు. 'గుర్తు తెలియని వ్యక్తి' అన్న ఫారం టైపింగుకు ఖాదర్ దుకాణానికే వచ్చింది. అందులో ఉన్న బలద్ గది చిరునామా దిలావర్‌దని గుర్తుపట్టి అతను దాన్ని ఇంటికి పట్టుకెళ్లాడు. ఆసిఫా సూట్‌కేసు సర్దుతోంది. చేతులకు కట్లున్నాయి.

"వాని పేరు నాకు తెలుసు," అన్నాడు. "ఖాళీగా వదిలేస్తా. నీ చేతులు చూడు. వానికి మర్యాద ఏందీ?"

ఆసిఫా తన గొంతుతో, తన ఊరి మాటతో అంది. "మర్యాదకు కాదు. రాయకుంటే ఇంకొకడు వస్తాడు. వీన్ని కట్టి మళ్లా ఎవురింటికో తోలతాడు. రాయి. ఏ గడీ ఇడిసిపెట్టొద్దు."

ఖాదర్ రాశాడు. పేరు దిలావర్. తల్లి జైనాబీ. కోపం తగ్గలేదు. తప్పులు లేవని రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు.

సంచిలోంచి ఖాళీ ఫారాలు తీసి లెక్కపెట్టాడు. చావు రాయని కూలీలు ఇంకా పదిమంది ఉన్నారు.